ఛాతీ మీద కాయ

నాకు కుదురు లేదని మా అమ్మ ఎప్పుడూ అనేది. కాలికి బలపం కట్టుకుని పుట్టానట. ఈ వయసులో కూడా రాయడానికి కూర్చుంటే రెండు వాక్యాలకోసారి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను. నీళ్ళ కుండ మీద మూత ఉందో లేదో చూస్తాను, ఉందని తెలిసే చూస్తాను. ఈ ఒక్క సంగతి రాయాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నాను. రాయకుండా తప్పించుకోవడానికి ఇన్నేళ్ళూ ఏదో ఒక పని దొరుకుతూనే వచ్చింది.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో నేను సూర్యాపేటలో మిషన్ వాళ్ళ చిన్న దవాఖానలో పనిచేసేదాన్ని. పెళ్ళయిన మూడో ఏడే మా ఆయన పోయాడు. పుట్టింట్లో కూర్చుని తినడం నా వల్ల కాక, అక్కడ గదులు ఊడ్చే పనికి చేరాను. డాక్టరమ్మ తెల్లదొరసాని. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి మనకంటే శుద్ధమైన తెలుగు మాట్లాడేది. ఆమె నా చేత చీపురు మాన్పించి కట్లు కట్టడం నేర్పింది, అక్షరాలు కూడా నేర్పింది. ఆడవాళ్ళ వార్డులో వేసింది. కాన్పులు, కాలిన ఒళ్ళు, చీము గడ్డలు, అన్నీ ఆ వార్డులోనే చూశాను. రొమ్ములో గడ్డలతో వచ్చేవాళ్ళనూ చూశాను. అప్పటికి కాన్సర్ అన్న మాట మా నోళ్ళలో పడలేదు, రాచపుండు అనేవాళ్ళం. గడ్డ పగిలి, రవికె అంటుకుపోయి, ఇక దాచడానికి వీల్లేనప్పుడే చాలామంది వచ్చేవాళ్ళు. నేను వాళ్ళను కసురుకునేదాన్ని. "ఇన్ని దినాలు ఏం జేసినవమ్మా, కండ్లు గనవడలేదా?" అని కట్టు విప్పుతూ కసిరేదాన్ని, పుండు కడుగుతూ కసిరేదాన్ని. వాళ్ళు తలదించుకుని పడేవాళ్ళు. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాది కోదాడకు పడమట ఒక చిన్న ఊరు. మా ఇంట్లో మగవాళ్ళందరిదీ కల్లుగీతే. నా తరువాత పుట్టినవాడు నా తమ్ముడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. మా నాయన తాటిచెట్టు మీద నుంచి పడి పోయాక ఆయన మోకు తమ్ముడి నడుముకు వచ్చింది. మోకంటే చెట్టెక్కేవాణ్ణి చెట్టుకు పట్టి ఉంచే తాడు. అది నడుము వెనక నుంచి మాను చుట్టూ పోతుంది. కాళ్ళకు ఇంకో చిన్న తాడు తగిలించుకుని, మానును కావలించుకుంటూ పైకి పోవాలి. తాటిమాను గరుకు అందరికీ తెలిసిందే. పొద్దునా సాయంత్రం ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఛాతీ మీద తోలు నల్లబడి, మొద్దుబారి, కాయ కాస్తుంది. మా వాళ్ళకు అది సిగ్గు కాదు, గొప్ప. పిల్లనిచ్చేవాళ్ళు వచ్చినప్పుడు పొలమెంత, ఇల్లెంత అని అడగరు, పిల్లవాణ్ణి అంగీ తీయమంటారు. తమ్ముడి పెళ్ళిమాటలకు మిర్యాలగూడ పక్కన వేములపల్లి నుంచి వచ్చారు. పిల్ల మేనమామ లేచి వెళ్ళి వాడి ఛాతీని బొటనవేలితో రెండు పక్కలా నొక్కి చూశాడు.

"గట్టిగనే ఉన్నది. మా పిల్ల ఉపాసమైతే ఉండది" అన్నాడు.

అందరం నవ్వాం. వాడు తుండుగుడ్డ భుజాల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ ఏడంతా మా అమ్మ ఆ మాట ఊళ్ళో పదిమందికి చెప్పుకుని మురిసింది. అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఒక బిడ్డ.

నలభై ఎనిమిది వేసవిలో మా మరదలికి రెండో కాన్పయిందని కబురొస్తే చూసి రావడానికి వెళ్ళాను. రజాకార్ల రోజులు. పొద్దుగూకితే బండ్లు కట్టేవాళ్ళు కారు. ఒక పూట ఉండి తిరుగు ప్రయాణమయ్యాను. సరిగ్గా బండి ఎక్కబోతుంటే తమ్ముడు చెట్ల నుంచి వచ్చాడు. కల్లు లొట్లు దించి, తుండుతో మెడ తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, జర గీ కాయ సూడవా. కుడిదిక్కుది. ఎడమదాని లెక్క లేదు. లోపట గింజ లెక్క తగులుతున్నది" అన్నాడు.

నా ఒక కాలు అప్పటికే బండి మీద ఉంది. బండివాడు ఎడ్లను అదిలిస్తూ తొందరపెడుతున్నాడు. నేను వంగి చూశాను. నల్లటి తోలు, గీతగాడి తోలు, మా నాయన ఛాతీ మీద చిన్నప్పటి నుంచి చూసిందే. చెయ్యి చాపి తాకలేదు. ఆ ఏడే సరిహద్దు అవతల మద్రాసు రాష్ట్రంలో కల్లు బందు పెట్టారు. జగ్గయ్యపేట నుంచి కూడా జనం కోదాడకు వచ్చి తాగిపోతున్నారు. వాడు ఇదివరకటికంటే ఎక్కువ చెట్లు ఎక్కుతున్నాడని మరదలు పొద్దున్నే చెప్పింది. కాయ పెరగక ఏం చేస్తుంది అనుకున్నాను.

"చెట్లు ఎక్కువైనయ్, కాయ పెద్దగైంది. గంతే. పో, పోయి నీ పెండ్లాం మేనమామకు సూపెట్టు, ఇంకో పిల్లనిస్తడు" అన్నాను.

గడపలో బాలింత మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బండివాడూ నవ్వాడు. అందరికంటే ఎక్కువగా తమ్ముడే నవ్వాడు. నేనూ నవ్వుకుంటూ బండెక్కాను. ఆడవాళ్ళ రవికెల మీద నుంచే రెండు వేళ్ళతో నొక్కి గడ్డ ఉందో లేదో చెప్పగల దాన్నని వార్డులో నాకు పేరు. ఆ వేళ్ళు ఆ రోజు బండి కర్రను పట్టుకున్నాయి.

వానాకాలం చివర యూనియన్ సైన్యం వచ్చింది. ఆ తరువాత కొన్ని నెలలు దవాఖానలో మాకు కాలు నిలిచింది లేదు. నేను ఊరికి పోలేదు. తమ్ముడి నుంచి కబుర్లు మాత్రం మంచివే వస్తుండేవి. చెట్లకు కల్లు బాగా పారుతున్నదని, పిల్ల పాకుతున్నదని.

మరుసటి వేసవి మొదట్లో ఒక రోజు పొద్దున దవాఖాన వరండాలో మా మరదలు నిలబడి ఉంది, పక్కన తమ్ముడు. వాడు చేతికుట్టు అంగీ వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. వాడిని అంగీలో చూడటమే నాకు వింత.

"వదినె, మీ తమ్మునికి కాయ పగిలి నెత్తురొస్తున్నది. మోకుకు అంటుతున్నది. నెల సంది పసరు కడ్తున్నం, తగ్గుతలేదు. వద్దు వద్దంటుంటె నేనే గుంజుకొచ్చిన" అంది మరదలు.

పక్క గదిలోకి తీసుకుపోయి అంగీ విప్పించాను. చనుమొన రాయిలా గట్టిపడి లోపలికి ముడుచుకుపోయింది. పక్కన పుండు. చంకలో వేలు పెడితే రెండు గడ్డలు తగిలాయి. అలాంటిది ఆడవాళ్ళలో ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. అయినా నా కళ్ళు అది మగవాడి ఛాతీ అని ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది. పనిమీద పోతున్నట్టు బయటికి పోయి, గోడకు చేరబడి, మళ్ళీ లోపలికి వచ్చాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చెయ్యి ఎత్తించింది, దించించింది. తరువాత కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది.

"పురుషులకు కూడా రొమ్ము ఉంటుంది. చిన్నది, పనిలేనిది, కాని ఉంటుంది. ఈ పుండు అందులో కూడా పుడుతుంది. అరుదు. నేను దీనికి ముందు ఒక్కరినే చూశాను" అంది. ఆ ఒక్కడు ఏమయ్యాడో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. తరువాత, "ఇది ఎప్పటి నుంచి ఉంది? ఇంతకాలం ఎవరికీ చూపించలేదా?" అని అడిగింది.

నేను పళ్ళెం పట్టుకుని ఆమె వెనకే నిలబడి ఉన్నాను. తమ్ముడు తల ఎత్తి నావైపు చూశాడు. ఒక్క క్షణమే. తరువాత డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ఎవ్వలకు సూపలేదమ్మా" అన్నాడు.

"మీ అక్కగారు ఇక్కడే ఉన్నారు కదా. ఆమెకైనా చూపించవలసింది" అందామె.

"సిగ్గయి సూపలే" అన్నాడు వాడు.

పళ్ళెంలో కత్తెర కదిలి చప్పుడు చేస్తుంటే దాన్ని బొటనవేలితో అదిమిపెట్టాను. నాకు చూపించాడమ్మా, నేనే ఎగతాళి చేసి బండెక్కాను, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది. చెప్పలేదు. నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ మాట పైకి అంటే అది నిజమైపోతుందని భయం.

ఆపరేషన్ చేయాలంది డాక్టరమ్మ. రొమ్ము, దాని కింది కండ, చంకలోని గడ్డలు, అన్నీ తీయాలి. చేస్తే బతికే దారి ఉంది, చేయకపోతే లేదు. ఆ తరువాత కుడిచెయ్యి భుజం పైకి లేవకపోవచ్చు. ఇదంతా వాడికి అర్థమయ్యేట్టు రెండుసార్లు చెప్పింది. వాడు తల ఊపాడు. పిల్లలను ఇరుగింట్లో వదిలి వచ్చిందని మరదలిని ఆ సాయంత్రమే ఊరికి పంపించి, వాడిని మగవాళ్ళ వార్డులో పడుకోబెట్టాం. పక్క మంచం మీద కాలు విరిగిన మనిషి ఒకడు ఊరుకోకుండా ఏం రోగమని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆ పోరు పడలేక తమ్ముడు చెప్పేశాడు.

"అయితె నీకు ఆడోళ్ళ రోగమొచ్చిందన్నట్టు" అన్నాడు ఆ మనిషి. ఆ మాట అన్నాడని నాకు మరునాడు తెలిసింది, గంజి పట్టుకుని పోయేసరికి తమ్ముడి మంచం ఖాళీగా ఉన్నాక.

నేను ఆ కాలు విరిగినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. రెండో కాలు కూడా విరుగుతుందన్నాను. డాక్టరమ్మ వచ్చి నన్ను పక్కకు తీసుకుపోయింది.

"వెళ్ళి తీసుకురండి. వచ్చే మంగళవారం లోపల. అది దాటితే నేను కత్తి పట్టడంలో అర్థం ఉండదు" అంది.

అది బుధవారం. కోదాడ బస్సు ఎక్కి, దిగి, ఊరికి నాలుగు మైళ్ళు ఎండలో నడిచాను. మరదలు వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టేసింది.

"పొద్దుగాలనే వచ్చిండు వదినె. మోకు తీస్కొని పోయిండు. యాడికో జెప్పలె. నువ్వు తోలినవనుకున్న" అంది.

మోకు తీసుకుపోయాడంటే ఎక్కడో చెట్లున్న చోటికే పోయి ఉంటాడు. మా ఊళ్ళో లేడంటే వాడికి మిగిలింది వేములపల్లి, అత్తగారి ఊరు. వాడి బావమరిది మిర్యాలగూడలో బియ్యం మిల్లులో పని చేస్తాడు, ముందు అతన్ని పట్టుకోవాలి. మరదలు పెట్టిన అన్నం నిలబడే రెండు ముద్దలు తిన్నాను. కూర్చుంటే తిన్నది అరిగేది కాదు. మర్నాడు కోదాడలో ఇంకో బస్సు పట్టుకున్నాను. అది నేరేడుచర్ల దగ్గర ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరి ఏదో బిగిస్తున్నాడు. మిగతావాళ్ళు నీడ చూసుకుని కూర్చున్నారు. నేను బస్సు చుట్టూ తిరుగుతున్నాను. నా కాళ్ళు అతనికి కింద నుంచి కనిపిస్తున్నాయి కాబోలు.

"అమ్మా, మీరు ఎంత నడిచినా ఇది కదలదండి. కాసేపు కూకోండి, నాకు కళ్ళు తిరుగుతున్నయ్" అన్నాడు.

కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

మిల్లులో ఊకధూళికి తెల్లబడిపోయిన బావమరిది నన్ను చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. తమ్ముడు ఎక్కడున్నాడని అడిగితే, వాడు తనతో ఒట్టు పెట్టించుకున్నాడని, చెప్పనని అన్నాడు. నేను మిల్లు గుమ్మంలోనే నిలబడ్డాను. వచ్చే బస్తాలకు, పోయే బస్తాలకు అడ్డం. కాసేపటికి ఆయన తలగుడ్డ దులుపుకుని, ఏమీ మాట్లాడకుండా వేములపల్లి దారి పట్టాడు. నేను ఆయన వెనకే నడిచాను. దారంతా ఒక్క మాట అనుకోలేదు, ఆయన ఒట్టు ఆయనకు మిగిలింది. పొలాల చివర తాటిచెట్లు కనిపించగానే ఆగి, గెట్టు మీద కూర్చున్నాడు.

మూడో చెట్టు మీద తమ్ముడున్నాడు.

మా ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు మాటలతోపాటు నేర్పే కట్టుబాటు ఒకటుంది. చెట్టు మీద ఉన్నవాణ్ణి కింద నుంచి పిలవకూడదు. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే మోకు జారుతుంది. మా నాయన పడిన రోజు ఎవరో పిలిచారనే అంటారు. ఎవరు పిలిచారో ఇప్పటికీ ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. ఇల్లు తగలబడుతున్నా సరే, చెట్టు కిందికి వచ్చి నిలబడాలే తప్ప నోరెత్తకూడదు.

నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే కల్లు గీసే చెయ్యి ఒకసారి ఆగింది. ఆ తరువాత గీసిన గెలనే మళ్ళీ గీశాడు. లొట్టి విప్పాడు, కట్టాడు, మళ్ళీ విప్పాడు. చెట్టుకు ఇంత పని ఉండదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. నన్ను అలసిపోయేట్టు చేసి పంపిద్దామనుకున్నాడు. నేను చెట్టు చుట్టూ తిరిగాను. గొంతులో తిట్లన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్కటీ పైకి రానివ్వలేదు. నా బతుకులో అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారే. తిరుగుతూ తిరుగుతూ మాను వైపు చూస్తే, నా తలకు కొంచెం పైన, కాండం మీద, వాడి ఛాతీ రాసుకున్న మేర గోధుమరంగు మరకలు. పైకి పోయినకొద్దీ తడిగా, ఎర్రగా ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడ్చాను.

అప్పుడు దిగాడు. కుడిచెయ్యి సగమే ఎత్తుతూ, ఎడమచేత్తో మానును పట్టుకుని, ముసలివాడిలా దిగాడు.

"నోరు మూస్కొని గింతసేపు ఉంటవనుకోలేదక్కా" అన్నాడు.

"ఉన్న గద. ఇగ నా మాట ఇను. సూర్యాపేటకు నడువు."

"చెయ్యి లేవదన్నది గద ఆమె. చెయ్యి లేవకుంటె చెట్టెట్ల ఎక్కాలె? చెట్టెక్కకుంటె నేనెవ్వన్ని?"

"నీ పిల్లలకు నాయినవు."

"మొగోనికి రొమ్ము కోసిండ్రట అంటరు. కల్లు కాడ కూసొని నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వేటోళ్ళ నోట్ల మన్ను. నీ ఛాతి సూసి పిల్లనిచ్చినోడు మళ్ళ గుంజుకపోతడా? సచ్చినంక నవ్వకుంటె నీకేమొస్తదిరా?"

వాడు మోకు చుట్ట చుడుతూ ఉండిపోయాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ముందుగాల వచ్చినోళ్ళు బతుకుతరా అక్కా?"

"బతుకుతరు."

"ఏడాది ముందుగాల వస్తె?"

ఆ ప్రశ్న నేను వార్డులో ప్రతి ఆడదాన్నీ అడిగిందే. జవాబు నాకు నోటికి వచ్చు.

"ఇప్పుడు వచ్చినోళ్ళు గూడ బతుకుతరు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి, మోకు తీసుకుపోయి గెట్టు మీద కూర్చున్న బావమరిది ఒళ్ళో పెట్టాడు. "నడువు" అన్నాడు నాతో.

సోమవారం పొద్దున ఆపరేషన్ చేశారు. నేను లోపలే ఉంటానన్నాను. గుడ్డలు అందించే పని నాకు కొత్త కాదు. కాని మత్తుకిచ్చే ఈథరు వాసనకు వాడి మాట ముద్దగా మారి, "మోకు, మోకు" అని రెండుసార్లు అనగానే నా చేతిలోని గుడ్డలు కింద పడిపోయాయి. డాక్టరమ్మ నావైపు చూడకుండానే బయటికి పొమ్మంది. ఆ వరండాకు తొమ్మిది స్తంభాలు. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. మరదలు ఆరో స్తంభం దగ్గర కూర్చుని నా కొంగు పట్టుకుని లాగింది, "కూసో వదినె, నిన్ను సూస్తె నాకు పరేషానైతున్నది" అని. కొంగు విడిపించుకుని మళ్ళీ తిరిగాను. ఎండ మూడో స్తంభం దాకా వచ్చాక డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"కంటికి కనిపించినదంతా తీశాను. ఇక చూడాలి" అంది.

కట్టు నేనే మార్చేదాన్ని, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వలేదు. కుడిపక్క ఎముకల మీద పల్చటి తోలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎడమపక్క కాయ మాత్రం అలాగే నల్లగా, గట్టిగా ఉంది. కాలు విరిగిన మనిషి మొదటిరోజు కట్టు మార్చేటప్పుడు చూసి, ఆ తరువాత ఏమీ అనలేదు. రెండో వారంలో తన ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు వాడికి పెట్టాడు.

పుండు ఆరడం మొదలుపెట్టాక డాక్టరమ్మ వాడిని గోడకు ఎదురుగా నిలబెట్టింది. కుడిచేతి వేళ్ళను గోడ మీద పాకిస్తూ, నొప్పి వచ్చేదాకా పైకి పోనివ్వాలి. రోజూ పొద్దునా సాయంత్రం. ఎక్కడిదాకా పోయిందో బొగ్గుతో గీత గీయాలి. వాడు గోడ దగ్గర నిలబడి, వేళ్ళు ఒకటొకటే జరుపుకుంటూ, చెమటలు కారుతూ, చెట్టెక్కేటప్పుడు చేసినట్టే పళ్ళు బిగించేవాడు.

"అక్కా, గీ గోడకు కల్లు పారుతదా?" అని అడిగాడు ఒకరోజు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. వాడు చూశాడు. చూసి, మళ్ళీ గోడవైపు తిరిగాడు. మొదటి గీత నడుము ఎత్తున ఉండేది. చివరి గీత భుజం ఎత్తు దాటలేదు.

వాడు మళ్ళీ చెట్టెక్కలేదు. కత్తులు నూరడం, మోకులు పేనడం, కల్లు పోయడం, ఎడమచేత్తో అయ్యే పనులన్నీ నేర్చుకున్నాడు. జనం కూర్చుని కల్లు తాగే మండువ కాడ ఎవడైనా నవ్వితే అంగీ విప్పి చూపించేవాడట. చూసినవాడు మళ్ళీ నవ్వేవాడు కాదట. కొత్తగా చెట్టెక్కే వాళ్ళనందరినీ పిలిచి, కాయను చుట్టూ పట్టి కదిలించి చూసేవాడట. కాయ తోలుతోపాటు కదులుతుంది, లోపల వేరేగా గింజ తగిలితే మా అక్క దగ్గరికి పో అనేవాడట. మరదలు చెప్పింది. ఆపరేషన్ అయ్యాక ఐదేళ్ళు బతికాడు. తరువాత అది ఊపిరితిత్తుల్లోకి పోయింది.

కాని నన్ను కుదురుగా కూర్చోనివ్వని మాట వాడు పోయిన రోజుది కాదు. దవాఖాన నుంచి ఇంటికి పంపిన రోజుది. బస్సు దగ్గరికి నేనే తీసుకుపోయాను. మరదలు ముందే ఎక్కి మూట సర్దుకుంటోంది. వాడు చెయ్యి మెడకు వేలాడదీసుకుని, బస్సు మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"నాకు సూపినవ్ గద తమ్మీ. బండి కాడ. డాక్టరమ్మకు ఎందుకు జెప్పలె?" అన్నాను.

"నువ్వు నవ్వినవ్ గద" అన్నాడు. "నీ అసొంటిది, రోజు గివే సూసేటిది, సూసి నవ్విందంటె ఇగ ఏం లేదనుకున్న. దానికి ముందుగాల రెండు నెలలు నాకు నిద్ర లేదక్కా. నువ్వు నవ్వినంక మంచిగ పన్న. ఏడాదంత నిమ్మలంగ చెట్లెక్కిన. గా ఏడు నువ్విచ్చిందే. దాని మీద నేను డాక్టరమ్మకు శికాయతు జేస్తనా?"

బస్సు కదిలింది. వాడు ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. కిటికీలోంచి మరదలు చెయ్యి ఊపింది, నేను ఊపానో లేదో గుర్తు లేదు. వాడు నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అలా అనుకున్నాడో ఎన్నేళ్ళు తిప్పి తిప్పి చూసినా నాకు తెలియలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఆ పూటే వార్డుకు తిరిగి వెళ్ళి, డాక్టరమ్మ గదిలోకి పోయి, నిలబడే అంతా చెప్పేశాను. ఆమె కలం కింద పెట్టి విన్నది. నన్ను ఏమీ అనలేదు. చివర్లో, "నాలుగో మంచం మీద కొత్తగా వచ్చినామెకు కట్టు మార్చాలి" అంది.

వెళ్ళి కట్టు విప్పాను. నడివయసు మనిషి, గడ్డ పగిలి పుండయింది, చాలా ఆలస్యంగా వచ్చింది. నేను తిడతానని ఎవరో చెప్పారు కాబోలు, విప్పుతున్నంతసేపూ భయంభయంగా నా మొహంలోకి చూస్తోంది. నేను నీళ్ళు తెచ్చి, ఏమీ అనకుండా కడిగాను.